మెయిల్ చేరలేదా? ఎవరో తొక్కేస్తున్నారనుకునే ముందు ఇవి చూడండి

సమస్య: చెరువు ఆక్రమణ మీద మా కాలనీ సంఘం పంపిన మెయిల్ సగం మందికి అందలేదు. "మామూలు మెయిళ్లు బాగానే వెళ్తున్నాయి, దీన్నే కావాలని ఆపుతున్నారు" అని అందరిలో ఒకటే టెన్షన్. ఆ అనుమానాన్ని కొట్టిపారేయకూడదు, కానీ ముందు పరీక్షించాలి.

మెయిల్ స్పామ్‌లో పడిందా, తిరిగొచ్చిందా, జాడే లేదా అన్నది తేల్చుకోండి. జీమెయిల్‌లో స్పామ్ 30 రోజులకు తుడిచిపెట్టుకుపోతుంది, కాబట్టి వెంటనే వెతకమనండి.

స్పామ్‌లో పడితే: అందుకున్నవాళ్ల చేత కంప్యూటర్‌లో ఆ మెయిల్ తెరిపించి, మూడు చుక్కల దగ్గర 'షో ఒరిజినల్' నొక్కమనండి. పైన ఎస్‌పీఎఫ్ (ఈ డొమైన్ పేరుతో మెయిల్ పంపే అనుమతి ఎవరికుందో చెప్పే జాబితా), డీకిమ్ (మెయిల్ మీద ఉండే డిజిటల్ సంతకం), డీమార్క్ (ఆ రెండూ ఫెయిలైతే ఏం చేయాలో చెప్పే నియమం) అని మూడు తనిఖీల ఫలితాలు వరసగా కనిపిస్తాయి. మాకు మొదటిదే ఫెయిల్. సంఘం సర్క్యులర్లు పంపడానికి నెల క్రితం కొత్త సర్వీసు తీసుకున్నాం, దాని పేరు మా డొమైన్ (మెయిల్ చిరునామాలో @ తర్వాత ఉండే పేరు) సెట్టింగుల్లోని ఎస్‌పీఎఫ్ రికార్డులో చేర్చలేదు. మామూలు మెయిళ్లు పాత దారిలోనే వెళ్తున్నాయి, అందుకే వాటికి ఏమీ కాలేదు.

పరిష్కారం: ఉన్న ఎస్‌పీఎఫ్ రికార్డులోనే కొత్త సర్వీసును కలపండి. రెండో రికార్డు మాత్రం పెట్టకండి, రెండుంటే ఏదీ చెల్లదు. ఆ సర్వీసు ఇచ్చే డీకిమ్ కీ కూడా పెట్టండి. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000 పైగా పంపేవాళ్లకు 2024 ఫిబ్రవరి నుంచి ఈ మూడూ తప్పనిసరి, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు. వద్దన్నవాళ్ల పేరు వెంటనే తీసేయండి. లేకపోతే వాళ్లు స్పామ్ బటన్ నొక్కుతారు, ఆ దెబ్బ మిగతా అందరి మెయిల్ మీదా పడుతుంది.

తిరిగొస్తే: తిరిగొచ్చిన మెయిల్‌లో 550తో (అవతలి సర్వర్ తిరస్కరించిందని చెప్పే కోడ్) మొదలయ్యే వాక్యాన్ని చివరిదాకా చదవండి. కారణం చాలాసార్లు అక్కడే రాసి ఉంటుంది.

అన్నీ పాస్ అయినా చేరకపోతే: అదే మెయిల్‌ను లింకుతో ఒకసారి, లింకు తీసేసి ఒకసారి పంపండి. లింకు లేనిదే చేరితే, అడ్డుపడుతున్నది ఆ లింకే. 2006 ఏప్రిల్‌లో అమెరికాలో ఇలాగే జరిగింది. పంపేవాళ్ల దగ్గర డబ్బులు తీసుకుని మెయిళ్లు చేరవేయాలన్న ఏఓఎల్ (అక్కడి ఇంటర్నెట్, మెయిల్ కంపెనీ) పథకాన్ని వ్యతిరేకిస్తూ కొన్ని సంస్థలు ఒక సైటు పెట్టాయి. ఆ సైటు చిరునామా ఉన్న మెయిళ్లు ఏఓఎల్ ఖాతాలకు చేరలేదు. సాఫ్ట్‌వేర్ లోపమని కంపెనీ చెప్పింది. విమర్శకులు దాన్ని సెన్సార్‌షిప్ అన్నారు. కారణం ఏదైనా, ఆ లింకు వల్లే మెయిల్ ఆగుతోందన్నది లింకుతో, లింకు లేకుండా పంపి చూస్తే తేలుతుంది.

మీకూ అలాగే తేలితే, పంపిన సమయం, తిరిగొచ్చిన వాక్యం, రెండు ప్రయత్నాల ఫలితం రాసి అవతలి మెయిల్ సర్వీసు పోస్ట్‌మాస్టర్‌కు (మెయిల్ చేరవేత సమస్యలు చూసే విభాగం) పంపండి. ఈలోగా చెరువు వివరాలను లింకుగా కాకుండా మెయిల్‌లోనే పూర్తిగా రాసి అందరికీ చేర్చండి.