బిద్రీ చూడాలంటే గంట కొట్టే టైము చూసుకోండి

ఇంటికి చుట్టాలొస్తే సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకెళ్తాం కదా, శుక్రవారం మాత్రం వద్దు, సెలవు. ఇంకో మాట. ప్రతి గంటకీ జనమంతా ఆ సంగీత గడియారం ముందు పోగవుతారు. ఒకసారి మీరూ చూడండి, తప్పులేదు. ఆ తర్వాతి గంటకు మాత్రం అందరూ అటు వెళ్తుంటే మీరు బిద్రీ సామాను, అంటే నల్లటి లోహం మీద వెండి పొదిగిన వస్తువులు, ఉన్న గదికి వెళ్లండి. హుక్కా బుడ్లు, పాన్‌దాన్లు తీరిగ్గా చూడొచ్చు. జింకు, రాగి కలిపి పోతపోసి, గీతలు చెక్కి వెండి తీగ పొదుగుతారు. చివర్లో బీదర్ కోట మట్టి కలిపిన ద్రావణంలో ముంచితే లోహం నల్లబడుతుంది, వెండి అలాగే మెరుస్తుంది. పనితనం పర్షియా వైపు నుంచి వచ్చింది, మట్టి మాత్రం మన దక్కనుదే!

ఇంకో రోజు మాదాపూర్ పెట్టుకోండి. శిల్పారామంలో చేర్యాల బొమ్మలు కనిపిస్తే బేరానికి ముందు ఎలా చేస్తారో అడగండి. చింతగింజల జిగురు, రంపపు పొట్టు కథ వింటే బేరమాడబుద్ధి కాదు (నాకైతే కాలేదు). అక్కడికి దగ్గర్లోనే స్టేట్ ఆర్ట్ గ్యాలరీ, ఈకాలం చిత్రకారుల ప్రదర్శనలు అక్కడ జరుగుతుంటాయి. రెండూ ఒకే సాయంత్రం అయిపోతాయి, ట్రాఫిక్ కరుణిస్తే.