వందకి పన్నెండున్నర: నెట్ స్పీడ్ అరపావు లెక్క

మా కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్లో ఎవరు కొత్తగా ఫైబర్ కనెక్షన్ పెట్టించుకున్నా వారం తిరక్కుండా లిఫ్ట్ దగ్గర నన్ను పట్టుకుని అడిగే మాట ఒకటే. "వంద ఎంబీపీఎస్‌కి డబ్బులు కడుతున్నా అన్నా, డౌన్‌లోడ్ పెడితే పదకొండు ఎంబీ దాటట్లేదు, ఫోన్ చేసి తిట్టనా?" తిట్టకండి. పదకొండు వస్తోందంటే మీ లైను బ్రహ్మాండంగా ఉన్నట్టు.

గొడవంతా ఒక్క అక్షరం దగ్గర వస్తుంది. కనెక్షన్ అమ్మేవాళ్లు చెప్పే ఎంబీపీఎస్‌లో, అంటే సెకనుకి ఎన్ని అనే లెక్కలో, ఉన్నది మెగాబిట్, ఇంగ్లీషులో చిన్న బి. డౌన్‌లోడ్ అయ్యేటప్పుడు బ్రౌజర్ చూపించేది మెగాబైట్, పెద్ద బి. నోటితో చెప్పినా తెలుగులో రాసినా రెండూ 'ఎంబీ'యే కాబట్టి మనకు తికమక ఇంకాస్త ఎక్కువ. ఒక బైట్‌కి ఎనిమిది బిట్లు. ఇదొక్కటి గుర్తుంటే చాలు, మిగతాదంతా ఇందులోంచి వచ్చేదే.

ఎనిమిదో వంతు అంటే కంగారు పడక్కర్లేదు, రైతుబజార్లో పచ్చిమిర్చి కొనేటప్పుడు అడిగే అరపావే అది. కిలోలో అరపావు 125 గ్రాములు. అలాగే వెయ్యి ఎంబీపీఎస్ లైన్లో, అంటే ఒక గిగాబిట్‌లో, సెకనుకు 125 మెగాబైట్లు. వందకి పన్నెండున్నర. మిగతా అంకెలకి సగం చేసి, అందులో సగం, మళ్లీ అందులో సగం చేయండి: 300 అయితే 150, 75, 37.5. బ్రౌజర్ అంకెని ప్లాన్ అంకెలోకి మార్చాలంటే ఎనిమిదితో గుణించడమే, 3.2 మెగాబైట్లు కనిపిస్తే 25.6 ఎంబీపీఎస్ వస్తోందన్నమాట.

కిలో, మెగా, గిగా మధ్య వెయ్యి చొప్పున ఎక్కడం దిగడం తప్ప ఏమీ లేదు. 40 ఎంబీపీఎస్ అంటే 40,000 కేబీపీఎస్. మన దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి ఒకప్పుడు 512 కేబీపీఎస్ సరిపోయేది, 2023లో దాన్ని 2 ఎంబీపీఎస్ చేశారు. అరపావు తీస్తే సెకనుకు 250 కిలోబైట్లు, అంతకుముందు 64. ఆ 64తో ఒక్క పాట దించుకోవడానికి ఎంతసేపు కూర్చునేవాళ్లమో నాకింకా గుర్తే.

మరి పన్నెండున్నర రావాల్సిన చోట పదకొండే ఎందుకు? మార్కెట్లో బస్తాకి తరుగు తీసినట్టు ఇక్కడా తరుగు ఉంటుంది. మన ఫైలు ముక్కలు ముక్కలుగా వస్తుంది, ప్రతి ముక్కకీ ఎక్కడికి వెళ్లాలో చెప్పే చీటీలు అంటిస్తారు. మామూలు ఈథర్‌నెట్ లైన్లో, అంటే లాన్ వైరు మీద, 1538 బైట్లు కదిలితే అందులో మన సరుకు 1460, అంటే దాదాపు 95 శాతం. 12.5 కాస్తా 11.87కి దిగిందా? ఇంకా అయిపోలేదు. కొన్ని ప్రోగ్రాములు మెగాబైట్‌ని పది లక్షల బైట్లుగా కాక 1024ని 1024తో గుణించి 10,48,576గా లెక్కేస్తాయి, అప్పుడు అదే స్పీడు 11.3గా కనిపిస్తుంది. ఈ రెండో రకానికి 1998లోనే మెబీబైట్ అని వేరే పేరు పెట్టారు గానీ ఆ పేరు పలికేవాళ్లని నేనింతవరకు చూడలేదు. 1 టీబీ డిస్క్ కొంటే విండోస్‌లో 931 జీబీ కనిపించేదీ ఇందుకే, షాపువాడి మోసం కాదు.

టైము లెక్కకి నేను ఒకే అంకె పెట్టుకుంటా: వంద ఎంబీపీఎస్ మీద ఒక జీబీకి 80 సెకన్లు. యాభై లైనైతే 160, రెండొందలైతే 40. ఐదు జీబీల గేము వంద లైన్లో 400 సెకన్లు, అంటే ఆరు నిమిషాల నలభై సెకన్లు, తరుగు కలిపి ఏడు అనుకోండి. చాలా ప్లాన్లలో 'అన్‌లిమిటెడ్' అంటూనే నెలకు 3300 జీబీ హద్దు పెడతారు కదా, వంద లైన్ని ఆపకుండా వాడితే అది మూడు రోజుల పైచిలుకులో అయిపోతుంది. అలా ఎవరు వాడతారులే అనుకున్నాం గానీ మొన్న సొసైటీ మీటింగులో నాలుగు సీసీ కెమెరాల వీడియో మొత్తం క్లౌడ్‌లోకి పంపిద్దామన్నారు. ఒక్కో కెమెరా 2 ఎంబీపీఎస్, నాలుగూ కలిపి 8, అరపావు తీస్తే సెకనుకు ఒక మెగాబైట్, రోజుకి 86,400 సెకన్లు, అంటే 86.4 జీబీ. నెలకి దాదాపు 2600! కెమెరాలోని మెమరీ కార్డులోనే దాచుకుందామని అందరూ ఒప్పుకున్నారు.

ఫోన్ చేసి గట్టిగా అడగాలంటే ముందు వైఫై వదిలేసి లాప్‌టాప్‌కి లాన్ వైరు పెట్టి కొలవండి, గోడలు దాటొచ్చిన స్పీడు చూపించి పోట్లాడితే అవతలివాళ్లు వినరు. 200 ప్లాన్ మీద 190 దాకా వస్తే సరిపోయినట్టే. గీత గీసినట్టు 94 దగ్గరే ఆగిపోతోందా, తప్పు చాలావరకు మీ ఇంట్లోనే ఉంటుంది: పాత రౌటర్‌లో వంద ఎంబీపీఎస్ పోర్టు, లేదా దెబ్బతిన్న వైరు. గిగాబిట్‌కి లాన్ వైరులోని నాలుగు జతల తీగలూ పనిచేయాలి, వందకి అందులో రెండు జతలు చాలు, అందుకే మిగతా రెంటిలో ఒక జత తెగినా నెట్ ఆగదు, చప్పుడు చేయకుండా వందకి పడిపోతుంది. మూడో అంతస్తు అంకుల్ ఇలాగే రెండు నెలలు కస్టమర్ కేర్‌తో తగువు పడ్డాడు. చివరికి సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లు అమ్మే సీటీసీ నుంచి కొత్త క్యాట్ 6 వైరు తెచ్చి పెడితే 188 వచ్చింది, పాత వైరుని సోఫా కాలు నొక్కేసి ఉంది.