న్యూజిలాండ్‌కు కొత్తగా వచ్చారా? ఎన్‌పీసీ రగ్బీని ఇలా ఫాలో అవ్వండి

న్యూజిలాండ్ రగ్బీ గురించి తెలుసుకోవాలనుకునే కొత్తవాళ్లు ఎక్కువగా ఆల్ బ్లాక్స్ (దేశ జట్టు) టెస్టులతో, అంటే దేశాల మధ్య మ్యాచ్‌లతో మొదలుపెడతారు. ఇక్కడ జరిగే టెస్టులు ఏడాదికి కొన్నే, టికెట్లు ఖరీదు, పక్క సీటులో ఉన్నాయన ఉత్కంఠలో ఉంటాడు కాబట్టి ఏమైందని అడగడానికీ వీలుండదు. ఆట నేర్చుకోవడానికి సరైన చోటు ప్రావిన్సుల పోటీ. దాని పూర్తి పేరు నేషనల్ ప్రావిన్షియల్ ఛాంపియన్‌షిప్, అందరూ ఎన్‌పీసీ అంటారు. 1976లో మొదలైంది. 2021 నుంచి స్పాన్సర్ పేరు కలిపి బన్నింగ్స్ ఎన్‌పీసీ అని రాస్తున్నారు. పాత వార్తల్లో ఎయిర్ న్యూజిలాండ్ కప్, ఐటీఎం కప్, మైటర్ 10 కప్ అని కనిపిస్తే కంగారు పడకండి, అవన్నీ ఇదే పోటీకి వేర్వేరు సమయాల్లో ఉన్న పేర్లు.

ముందు ఏ పోటీ ఏదో విడదీసుకోండి

ఐపీఎల్‌కూ రంజీ ట్రోఫీకీ తేడా తెలిసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా నడిచే సూపర్ రగ్బీ ఫ్రాంచైజీలది. జులై చివర్లోనో ఆగస్టు మొదట్లోనో మొదలై అక్టోబర్ చివరి దాకా సాగే ఎన్‌పీసీ ప్రావిన్సులది. ఒకే ఆటగాడు మే నెలలో క్రూసేడర్స్ జెర్సీలో, సెప్టెంబర్‌లో కాంటర్‌బరీ జెర్సీలోనో టాస్మన్ జెర్సీలోనో కనిపిస్తాడు.

ఏ ఫ్రాంచైజీ వెనక ఏ ప్రావిన్సులున్నాయో ఒకసారి చూసుకుంటే చాలు. బ్లూస్ వెనక నార్త్‌ల్యాండ్, నార్త్ హార్బర్, ఆక్లాండ్. చీఫ్స్ వెనక వైకాటో, బే ఆఫ్ ప్లెంటీ, కౌంటీస్ మానుకౌ, తారానాకి. హరికేన్స్ వెనక వెల్లింగ్టన్, మనావటు, హాక్స్ బే. క్రూసేడర్స్ వెనక కాంటర్‌బరీ, టాస్మన్. హైలాండర్స్ వెనక ఒటాగో, సౌత్‌ల్యాండ్. ఎన్‌పీసీలో ఆడే 14 జట్లూ ఇవే.

టీవీలో జట్టుకు 13 మందే ఉండి, ఆరు ట్యాకిల్స్ (బంతి పట్టుకున్నవాణ్ని పడగొట్టడం) కాగానే బంతి అవతలివాళ్లకు వెళ్లిపోతుంటే మీరు చూస్తున్నది రగ్బీ లీగ్. ఆక్లాండ్ కేంద్రంగా ఉన్న వారియర్స్ ఆడేది అది. ఎన్‌పీసీ రగ్బీ యూనియన్, జట్టుకు 15 మంది. సీజన్లు కలిసే వస్తాయి, మాటల్లో రెండింటినీ ‘ఫుటీ’ అనే అంటారు. అందుకే కొత్తవాళ్లు తరచుగా పొరబడేది ఇక్కడే.

మీ ప్రావిన్స్ ఏది?

మీరు ఉండే చోటే మీ జట్టును తేల్చేస్తుంది. గెలిచే జట్టును వెతుక్కుని పట్టుకోవడం కంటే ఇదే మంచి పద్ధతి, ఎందుకంటే ఇంటి దగ్గర స్టేడియంలో ఏడాదికి ఐదు మ్యాచ్‌లు చూడొచ్చు. ఆక్లాండ్‌లో మాత్రం జాగ్రత్తగా చూసుకోవాలి, నగరం మూడు యూనియన్ల (ప్రావిన్స్ రగ్బీ సంఘాల) మధ్య పంచుకుని ఉంది. శాండ్రింగమ్, మౌంట్ రాస్కిల్ వైపు ఉంటే ఆక్లాండ్, హార్బర్ బ్రిడ్జ్ దాటి నార్త్ షోర్‌లో ఉంటే నార్త్ హార్బర్, పాపకూరా, పుకెకోహె వైపు ఉంటే కౌంటీస్ మానుకౌ. హట్, పోరిరువా వాళ్లది వెల్లింగ్టన్. టౌరాంగా, రోటొరువా బే ఆఫ్ ప్లెంటీ కిందికి వస్తాయి. నెల్సన్, బ్లెన్‌హీమ్ టాస్మన్ కిందికి.

టిమారు, ఆష్‌బర్టన్, మాస్టర్టన్, గిస్బర్న్, వంగనూయి లాంటి ఊళ్లలో ఉద్యోగం వచ్చినవాళ్లకు ఎన్‌పీసీలో సొంత జట్టు కనబడదు. ఆ యూనియన్లు హార్ట్‌ల్యాండ్ ఛాంపియన్‌షిప్‌లో ఆడతాయి. 2006లో మొదలైన ఆ పోటీలో 12 జట్లున్నాయి. లీగ్ దశ అయ్యాక మొదటి నలుగురూ మీడ్స్ కప్‌కు, తర్వాతి నలుగురూ లొకోర్ కప్‌కు పోటీ పడతారు. ఆటగాళ్లలో ఎక్కువమంది వారమంతా వేరే పని చేసుకుని శనివారం మైదానంలోకి దిగేవాళ్లే. టచ్‌లైన్ పక్కనే నిలబడి చూడొచ్చు, స్క్రమ్‌లో (బంతి కోసం రెండు జట్ల ఫార్వర్డ్స్ వంగి ఒకరినొకరు నెట్టుకునే చోట) ముందు వరసలు ఢీకొన్న చప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది. దీన్ని రెండో రకం పోటీ అనుకుని వదులుకోకండి.

పాయింట్ల పట్టిక చదవడం

ప్రత్యర్థి గోల్ గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే ట్రై, దానికి 5 పాయింట్లు. దాని తర్వాత గోల్‌పోస్టుల మధ్యకు తన్నే కన్వర్షన్‌కు 2, అవతలివాళ్ల తప్పుకు దొరికే పెనాల్టీ గోల్‌కు 3, ఆట నడుస్తుండగా బంతిని నేలకు వేసి తన్నే డ్రాప్ గోల్‌కు 3. కన్వర్షన్‌ను ట్రై ఎక్కడ పడిందో ఆ చోటుకు తిన్నగా వెనక్కి వెళ్లి తన్నాలి. అందుకే గీత దాటినవాడు వెంటనే బంతి నేలకు ఆనించకుండా గోల్‌పోస్టుల వైపు పరుగెత్తుతాడు. మూలన ట్రై పడితే ఆ 2 పాయింట్లు ఖాయం కావు.

పట్టికలో గెలుపుకు 4, డ్రాకు 2. దీనికి తోడు బోనస్ పాయింట్లుంటాయి. నాలుగు లేదా అంతకంటే ఎక్కువ ట్రైలు చేస్తే 1, గెలిచినా ఓడినా సరే. 7 పాయింట్లు లేదా అంతకంటే తక్కువ తేడాతో ఓడితే 1. సూపర్ రగ్బీలో ట్రై బోనస్ లెక్క వేరు, అక్కడ ప్రత్యర్థి కంటే మూడు ట్రైలు ఎక్కువ చేయాలి. రెండూ కలిపేసుకోవద్దు.

ఈ లెక్క తెలియకపోతే చివరి ఐదు నిమిషాల ఆట వింతగా అనిపిస్తుంది. 78వ నిమిషంలో ఒక జట్టు 10 పాయింట్లు వెనకబడి ఉంది, పోస్టుల ఎదురుగా పెనాల్టీ దొరికింది. గెలవాలంటే ట్రై కావాలి, అయినా కెప్టెన్ పోస్టుల వైపు చెయ్యి చూపిస్తాడు. 3 పాయింట్లు వస్తే తేడా 7కు దిగుతుంది, ఓటమిలోనూ ఒక పాయింట్ చేతికొస్తుంది. అప్పటికే నాలుగు ట్రైలు చేసి ఉంటే ఓడిన జట్టుకు మొత్తం 2.

14 జట్లున్నా లీగ్ దశలో ఒక్కో జట్టు ఆడేది 10 మ్యాచ్‌లే. ప్రతి జట్టుకూ ముగ్గురు ప్రత్యర్థులు ఎదురుపడరు, కాబట్టి సీజన్ మొదట్లోనే మీ జట్టు డ్రా (ఎవరితో, ఎప్పుడు ఆడుతుందో చెప్పే జాబితా) చూసుకోండి. తేలికైన డ్రా వచ్చిన జట్టు పట్టికలో తన అసలు బలం కంటే బలంగా కనిపిస్తుంది. మొదటి 8 జట్లు క్వార్టర్ ఫైనల్‌కు వెళ్తాయి. ఒకటో స్థానం ఎనిమిదితో, రెండు ఏడుతో, మూడు ఆరుతో, నాలుగు ఐదుతో ఆడతాయి, పై స్థానంలో ఉన్నవాళ్ల మైదానంలోనే. నాకౌట్‌లో స్కోరు సమమైతే ఎక్స్‌ట్రా టైమ్. 2024 ఫైనల్లో వెల్లింగ్టన్ బే ఆఫ్ ప్లెంటీని 23-20తో ఓడించింది అలాగే. 2025లో కాంటర్‌బరీ ఒటాగోను 36-28తో ఓడించి టైటిల్ గెలిచింది.

ఆల్ బ్లాక్స్ స్టార్ల కోసం స్టేడియానికి వెళ్తే నిరాశే. ఆ నెలల్లో వాళ్లు టెస్టులు ఆడుతుంటారు. ఎప్పుడైనా గాయం నుంచి కోలుకుంటున్నవాళ్లను, టెస్టు జట్టులో చోటు దొరకనివాళ్లను ప్రావిన్సుకు వదులుతారు. జట్టును మ్యాచ్‌కు ఒకటి రెండు రోజుల ముందు ప్రకటిస్తారు, అది చూసి వెళ్లండి.

రాన్‌ఫర్లీ షీల్డ్

ఎన్‌పీసీలో అన్నిటికన్నా ముందు అర్థం చేసుకోవాల్సింది ఇదే. గవర్నర్ రాన్‌ఫర్లీ ప్రభువు ఇచ్చిన చెక్క షీల్డ్ 1902లో ఆక్లాండ్‌కు దక్కింది, 1904లో మొదటి ఛాలెంజ్ మ్యాచ్‌లోనే వెల్లింగ్టన్ దాన్ని ఎగరేసుకుపోయింది. జనం దాన్ని ముద్దుగా లాగ్ ఓ వుడ్ అంటారు.

దీనికి పట్టిక లేదు, ఫైనల్ లేదు. షీల్డ్ ఎవరి దగ్గర ఉంటే వాళ్లు సొంత మైదానంలో ఆడే ప్రతి లీగ్ దశ మ్యాచ్‌లోనూ దాన్ని పణంగా పెట్టాలి. వచ్చిన జట్టు గెలిస్తే షీల్డ్ ఆ రాత్రే వాళ్లతో వెళ్లిపోతుంది. డ్రా అయితే ఉన్నవాళ్ల దగ్గరే ఉంటుంది. బయటి మైదానంలో ఓడినా పోదు. నాకౌట్ మ్యాచ్‌లలో షీల్డ్ పణంగా ఉండదు. సీజన్‌కు ముందు హార్ట్‌ల్యాండ్ జట్లకు కూడా ఛాలెంజ్ అవకాశం ఇస్తారు. సీజన్ అయిపోయేసరికి ఎవరి దగ్గర ఉంటే వచ్చే ఏడాది దాకా వాళ్లదే.

దీనివల్ల పట్టికలో అడుగున ఉన్న జట్టు కూడా ఒక్క శనివారంతో ప్రావిన్స్ మొత్తాన్ని రోడ్డు మీదికి తెప్పించగలదు. 2009లో సౌత్‌ల్యాండ్ కాంటర్‌బరీని 9-3తో ఓడించి 50 ఏళ్ల తర్వాత షీల్డ్‌ను ఇన్వర్‌కార్గిల్‌కు తెచ్చుకుంది. 2013లో ఒటాగో నిరీక్షణ ముగిసింది, వాళ్లు 56 ఏళ్లు ఆగారు. మరో కొసన ఆక్లాండ్ 1985 నుంచి 1993 దాకా వరసగా 61 సార్లు కాపాడుకుంది. 2023లో హాక్స్ బే సంబరాల్లో షీల్డ్ రెండు ముక్కలైతే దేశమంతా అదే వార్త.

మ్యాచ్ చూసేటప్పుడు లెక్క ఎలా మారుతుందో గమనించండి. ఛాలెంజ్ చేసే జట్టు 3 పాయింట్లు వెనకబడి ఉండగా చివరి నిమిషంలో పెనాల్టీ దొరికిందనుకోండి. గోల్ తన్నితే డ్రా, పట్టికలో 2 పాయింట్లు, షీల్డ్ మాత్రం రాదు. షీల్డ్ కావాలంటే టచ్‌లోకి (పక్క గీత బయటికి) తన్ని లైనౌట్ (బయటి నుంచి రెండు జట్ల వరసల మధ్యకు బంతి విసిరి ఆట మళ్లీ మొదలుపెట్టడం) నుంచి ట్రైకి వెళ్లాలి, తప్పితే దక్కేది ఓటమి బోనస్ ఒక్కటే. కెప్టెన్ ఎటు చూపిస్తాడో అని స్టేడియం మొత్తం ఊపిరి బిగబట్టే సందర్భం ఇది. మీ మొదటి మ్యాచ్‌ను మీరే ఎంచుకునే వీలుంటే, షీల్డ్ ఛాలెంజ్‌నే ఎంచుకోండి.

మైదానంలో ఏం చూడాలి

మొదటి మ్యాచ్‌లో బంతి వెంట పడకండి, 9వ నంబర్‌ను చూడండి. అతను హాఫ్‌బ్యాక్, గుంపులోంచి బంతి ఎప్పుడు బయటికి రావాలో నిర్ణయించేది అతనే. అతని నుంచి బంతి ఎక్కువగా వెళ్లేది 10వ నంబర్‌కు. ఇతర దేశాల్లో ఫ్లై హాఫ్ అనే ఆ స్థానాన్ని ఇక్కడ ఫస్ట్ ఫైవ్ అంటారు, 12ను సెకండ్ ఫైవ్ అంటారు. 1 నుంచి 8 దాకా ఫార్వర్డ్స్, 9 నుంచి 15 దాకా బ్యాక్స్, 16 నుంచి 23 దాకా రిజర్వులు.

కొత్తవాళ్లను తికమక పెట్టేది రక్, అంటే నేల మీద ఉన్న బంతి కోసం ఆటగాళ్లు గుమిగూడి నెట్టుకోవడం. ట్యాకిల్ అయి పడినవాడు బంతిని వెంటనే వదలాలి. పడగొట్టినవాడు అతన్ని వదిలి పక్కకు దొర్లాలి. మిగతావాళ్లు తమ వైపు వెనక నుంచే, కాళ్ల మీద నిలబడే రావాలి. పెనాల్టీలు ఎక్కువగా ఈ మూడు పనుల్లో ఏదో ఒకటి తప్పినప్పుడే పడతాయి. రిఫరీ చేతులు ఛాతీకి హత్తుకున్నట్టు చూపిస్తే పడినవాడు బంతి వదల్లేదని అర్థం. చెయ్యి నడుము ఎత్తులో ఒక వైపు చాపి ఉంచితే అడ్వాంటేజ్, ఆట ఆగలేదు. ఏటవాలుగా పైకెత్తితే పెనాల్టీ. మోచెయ్యి మడిచి ఎత్తితే ఫ్రీ కిక్, దాని నుంచి నేరుగా గోల్ తన్నకూడదు.

పెనాల్టీ వచ్చిన జట్టుకు నాలుగు దారులు: గోల్, టచ్‌లోకి తన్నడం, స్క్రమ్, త్వరగా ట్యాప్ చేసి పరుగెత్తడం. పెనాల్టీని టచ్‌లోకి తన్నితే లైనౌట్ బంతి తన్నినవాళ్లకే వస్తుంది, మామూలు ఆటలో తన్నితే అవతలివాళ్లకు వెళ్తుంది. దీనికో మినహాయింపు ఉంది, 50:22 అంటారు: సొంత సగం నుంచి తన్నిన బంతి మైదానంలో పడి ప్రత్యర్థి 22 మీటర్ల గీత లోపల బయటికి పోతే లైనౌట్ తన్నినవాళ్లదే.

సీటు విషయానికొస్తే సగం గీత దగ్గర, కాస్త ఎత్తున కూర్చుంటే ఖాళీలు ఎక్కడున్నాయో కనిపిస్తుంది. చవకగా దొరికేది గడ్డి గట్టు. ఆగస్టు ఇక్కడ చలికాలం, గడ్డి తడిగా ఉంటుంది కాబట్టి కింద వేసుకోవడానికి నీరు ఇంకని పట్టా, పైన రెయిన్‌కోటు తెచ్చుకోండి. గొడుగు తెరిస్తే వెనకవాళ్లకు అడ్డం. డనీడిన్‌లోని ఫోర్సైత్ బార్ స్టేడియానికి పైకప్పు ఉంది. వైకాటో మ్యాచ్‌కు హామిల్టన్ వెళ్తే చెవులు హోరెత్తించే ఆవు గంటలు వినిపిస్తాయి, అది వాళ్ల మూలూ సంప్రదాయం, మీరూ ఒకటి పట్టుకెళ్లొచ్చు. శాకాహారులు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: ఇక్కడ కొన్ని చోట్ల చిప్స్‌ను గొడ్డు కొవ్వులో వేయిస్తారు. కొనే ముందు ఏ నూనెలో వేయించారో అడగండి.

టీవీలో, ఇంటి దగ్గర

మ్యాచ్‌లు స్కై స్పోర్ట్‌లో వస్తాయి. డిష్ లేకపోతే స్కై స్పోర్ట్ నౌ యాప్‌లో తక్కువ కాలానికి పాస్ కొనుక్కోవచ్చు. సెప్టెంబర్ చివరి ఆదివారం గడియారాలు గంట ముందుకు జరుగుతాయి, ఆ రోజు మ్యాచ్‌కు వెళ్లేవాళ్లు ఫోన్ కాని గడియారాలన్నీ మార్చుకోవాలి.

మహిళల ప్రావిన్షియల్ పోటీ ఫరా పామర్ కప్. దాని సీజన్ కూడా ఇంచుమించు ఇదే సమయంలో వస్తుంది, కొన్నిసార్లు పురుషుల మ్యాచ్‌కు ముందు అదే మైదానంలో ఆడతారు, ఒకే టికెట్‌తో రెండూ చూడొచ్చు. రాన్‌ఫర్లీ షీల్డ్‌లాగే వాళ్లకు జేజే స్టీవర్ట్ ట్రోఫీ ఉంది, ఛాలెంజ్ పద్ధతి అదే.

ఎన్‌పీసీ మొదలయ్యేదాకా ఆగలేకపోతే ఏప్రిల్ నుంచి జులై మధ్య ఏ శనివారం మధ్యాహ్నమైనా మీ దగ్గరి క్లబ్ మైదానానికి వెళ్లండి. చాలాచోట్ల టికెట్ ఉండదు. ప్రీమియర్ జట్టులో బాగా ఆడిన కుర్రాడి పేరు రాసుకోండి, ప్రావిన్స్ జట్టు ప్రకటించినప్పుడు ఆ జాబితాలో వెతకండి. పిల్లలుంటే అదే క్లబ్‌లో రిప్పా రగ్బీ గురించి అడగండి. నడుముకు కట్టిన ట్యాగ్ లాగడమే అందులో ట్యాకిల్, ఎవరూ ఎవర్నీ పడగొట్టరు.