రెండో కాన్పుకు ముందు కాటా ఎక్కండి

మొదటి కాన్పులో నా బరువెంతో నాకు తెలిసింది నెల తప్పిన రెండు నెలలకి, ఆస్పత్రిలో కార్డు రాసినప్పుడు. 78 కిలోలు. కాస్త ఒళ్లు చేసింది, అంతేగా అనుకున్నాం. 34వ వారంలో బీపీ 160 దాటింది, ఆపరేషన్ చేసి బాబుని తీశారు. 1.9 కిలోలు. పన్నెండు రోజులు ఎన్ఐసీయూ (పసికందుల ఐసీయూ) అద్దం బయట నిలబడ్డాను.

బరువొక్కటే కారణమని కాదు, సన్నగా ఉన్నవాళ్లకీ బీపీ వస్తుంది. కానీ బరువు పెరిగేకొద్దీ బీపీ, షుగర్, ఆపరేషన్ అవసరం పెరుగుతాయి. కడుపుతో ఉన్నప్పుడు తగ్గే ప్రయత్నం చేయకూడదు. అందుకే చేసేదేదో ముందే చేయాలి.

పొద్దున్నే ఏమీ తినకముందు కాటా ఎక్కండి. చెప్పులు విడిచి గోడకి ఆనుకుని, నెత్తి మీద అట్ట పెట్టి గీత గీయించుకుంటే ఎత్తు తెలుస్తుంది. నాది 1.55 మీటర్లు. 78ని 1.55తో భాగించి, వచ్చినదాన్ని మళ్లీ 1.55తో భాగిస్తే 32.5. అదే బీఎంఐ, ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే లెక్క. మనవాళ్లకి 23 దాటితే బరువు ఎక్కువ, 25 దాటితే ఊబకాయం కింద లెక్క. 18.5 కంటే తక్కువున్నా ఇబ్బందే. మా తోటికోడలు 41 కిలోలు, బీఎంఐ 17.7. ఇంట్లో అందరూ నా ఒంటినే చూశారు గానీ ఆమెకు రక్తం తక్కువని ఎవరికీ పట్టలేదు. ఆమె బరువు పెరగాలి.

కాపర్ టీ తీయించుకోకముందే పాత ఫైలు పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. నేను బీపీకి టెల్మిసార్టాన్ వేసుకునేదాన్ని. అది గర్భంలో బిడ్డకు మంచిది కాదని మార్చారు. మీ అంతట మీరు మాత్ర మానేయొద్దు, అది ఇంకా ప్రమాదం. ఫోలిక్ యాసిడ్ కూడా అప్పుడే మొదలుపెట్టించారు. బరువు ఎక్కువున్నవాళ్లకు మోతాదు పెంచుతారు కాబట్టి అడిగి వేసుకోండి.

ఇక తిండి. రాత్రి జొన్నరొట్టె తినమని అందరూ చెప్తారు. నాకేమో అన్నం లేకపోతే నిద్ర పట్టదు. అందుకని ముందు కూర, పప్పు కంచం నిండా వడ్డించుకుని, తర్వాత ఒక్క హస్తం అన్నం పెట్టుకునేదాన్ని. అసలు దొంగ ఎక్కడున్నాడో వారం రోజులు తిన్నదంతా రాసుకుంటే దొరికాడు: బాబు వదిలేసిన నెయ్యన్నం ముద్దలు! పారేయడానికి మనసొప్పక నేనే తినేదాన్ని. వాడికి సగం వడ్డించడం మొదలుపెట్టాక ఆ తిండి ఆగింది. టీలో చక్కెర మానేశాను, సాయంత్రం డాబా మీద నలభై నిమిషాలు నడిచాను. పది నెలల్లో 8 కిలోలు తగ్గాను. బీఎంఐ ఇంకా 29. అయినా డాక్టరు ఫర్వాలేదన్నారు, పదో వంతు తగ్గినా మేలేనట.

నెల తప్పాక డైటింగ్ బంద్. అలాగని అమ్మ చెప్పినట్టు ఇద్దరి తిండీ తినక్కర్లేదు. మొదట్లో బీఎంఐ 30 దాటితే మొత్తం 5–9 కిలోలు, 25–30 మధ్యైతే 7–11.5, 18.5 కంటే తక్కువున్న సన్నటివాళ్లు 12.5–18 పెరగొచ్చు. షుగర్ టెస్ట్ మొదటి విజిట్‌లోనే అడగండి. 75 గ్రాముల గ్లూకోజ్ తాగిన రెండు గంటలకు 140 వచ్చినా, దాటినా షుగర్ ఉన్నట్టే. నాకు 152 వచ్చింది, తిండితోనే అదుపులో ఉంది. మొదటి కాన్పులో బీపీ వచ్చిందని చిన్న మోతాదు ఆస్పిరిన్ కూడా రాశారు. అది డాక్టరు చెప్తేనే వేసుకోవాలి.

ఖర్చు గురించి టెన్షన్ పడేవాళ్లకి ఒక మాట: ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆస్పత్రుల్లో గర్భిణులకు ఉచితంగా చూస్తారు. తలనొప్పి తగ్గకపోయినా, కళ్లు మసకబారినా, డొక్కల కింద నొప్పి వచ్చినా, మొహం ఉబ్బినా తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే బయల్దేరండి.

పాప 38వ వారంలో పుట్టింది, 2.8 కిలోలు. కాన్పుతో షుగర్ పోయిందని వదిలేయకుండా ఆరు వారాలకి మళ్లీ టెస్ట్ చేయించుకోమన్నారు. నాది వచ్చే బుధవారం.