గోదారి మట్టితో రంగులు – మూడో పాఠం: ఒండ్రును తేర్చడం

పోయిన పాఠంలో చెప్పినట్టు పెరట్లోంచో, బోదెలో పూడిక తీసిన కుప్ప నుంచో ఒక తట్ట మట్టి తెచ్చి ఆరబెట్టి ఉంటారు. కాలవ గట్టు తవ్వి తెచ్చి ఉంటే మాత్రం, దయచేసి తిరిగి అక్కడే వేసి రండి. వానాకాలంలో ఆ గట్టే చేలను కాపాడాలి.

ముందు సీసా పరీక్ష. గాజు సీసాలో మూడో వంతు మట్టి, మిగతా అంతా నీళ్లు పోసి, మూత పెట్టి బాగా కుదిపి కదలకుండా ఉంచండి. ఇసుక ఒకటి రెండు నిమిషాల్లో అడుగున కూర్చుంటుంది. మెత్తటి ఒండ్రు దిగడానికి రెండు గంటలు పడుతుంది. బంకమట్టి తేరడానికి ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజులు. గోడ మీద గీయడానికి మనకు కావలసిన రంగు ఈ పై పొరల్లోనే ఉంది.

ఆ పొరలను కాసేపు చూడండి. ఇందులో మన ఊళ్లో పుట్టింది దాదాపు ఏమీ లేదు. నల్లదనంలో ఎక్కువ భాగం దక్కన్ నల్లరాళ్లు అరిగి వచ్చింది. సీలేరును కలుపుకున్న శబరి తూర్పు కనుమల మట్టిని మోసుకొచ్చి కూనవరం దగ్గర గోదారిలో కలుపుతుంది. ఏటా ఎర్రనీరు రాగానే మనం పులస కోసం ఎదురుచూస్తాం. ఆ ఎరుపు కోయలు, కొండరెడ్లు తరతరాలుగా బతికిన కొండల మీదుగా కూడా వచ్చింది. మన పొలం వాళ్ల నేలకు కొనసాగింపు అని నేను నమ్ముతాను. అందుకే ఈ పాఠాలు రంగుతో ఆగవు.

ఇప్పుడు అసలు పని. రెండు బకెట్లు, ఒక పాత నూలు పంచె చాలు. మట్టిని నీళ్లలో పిసికి జావలా చేసి, బాగా తిప్పి, ముప్ఫై అంకెలు లెక్కపెట్టండి. ఇసుక దిగుతుంది. పై నీటిని పంచెలోంచి రెండో బకెట్లోకి వంచండి. ఇసుకను కదిలించకూడదు, తొందరపడితే గోడ మీద గరుకు తేలుతుంది. నీళ్లు తేటపడే దాకా, ఒకటి రెండు రోజులు వదిలేసి, ఆ తేట నీళ్లు మొక్కలకు పోసేయండి. అడుగున మీగడలా మిగిలిన ముద్దను నీడలో ఆరబెట్టి, నూరి, డబ్బాలో దాచండి.

అంతర్వేది వైపు, సముద్రానికి దగ్గరగా ఉన్నవాళ్లకు ఒక ఇబ్బంది ఉంటుంది. మట్టిలో ఉప్పు ఉంటే ఆరాక గోడ మీద తెల్లగా పూస్తుంది. మంచినీళ్లతో మూడు సార్లు కడిగి తేర్చండి.

నలుపుకు కొబ్బరి చిప్పల బొగ్గు, తెలుపుకు గుల్లసున్నం. కుంచెకు మొగలి ఊడ ముక్క చాలు, చివర నలగ్గొడితే పీచు విచ్చుకుంటుంది.

ఈ వారం అభ్యాసం: వాన తగలని చోట, చూరు కింద గోడ మీద, గోదారి గీత గీయండి. ఇంకా జిగురు కలపలేదు కాబట్టి ఇది చెరిగిపోయే చిత్తు గీత. మనకు అలవాటైనట్టు ధవళేశ్వరం దగ్గర మొదలుపెట్టకండి, కూనవరం పైనుంచి రండి. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట మన పల్లానికి నీళ్లు తెచ్చింది. ముప్ఫై ఏళ్లకు, 1882లో, మద్రాసు అటవీ చట్టం వచ్చి కొండవాళ్ల పోడుకు అడ్డంపడింది. ఈ రెండు ఏళ్లూ గీత పక్కన రాయండి.

పోలవరం ముంపులో దేవీపట్నం, కూనవరం, వేలేరుపాడు వైపు ఎన్నో గూడేలు చెదిరిపోయాయి. అక్కడి నుంచి వచ్చినవాళ్లు మీకు తెలిసి ఉంటే, వాళ్లకు ఇష్టమైతేనే అడగండి: ఊరి పేరు మీ నోట ఎలా పలుకుతారు, దగ్గరి వాగు పేరేంటి? వాళ్లు పలికినట్టే రాయండి, మన నోటికి తగ్గట్టు దిద్దకండి. వాళ్ల ఇళ్ల మీది ముగ్గులను మాత్రం అడగకుండా దించుకోకండి.

వచ్చే పాఠం జిగురు గురించి. దానికి రెండు గుప్పెళ్ల చింతగింజలు వేయించి, పై పొట్టు తీసి, ముందు రోజు రాత్రే నానబెట్టుకోండి.