ఐదు లక్షల్లో సెకండ్ హ్యాండ్ కారు: మొరాయించనిది, నడిపితే హుషారుగా ఉండేది ఎంచుకోవడం ఎలా?

ముందుగా బడ్జెట్‌ను రెండు భాగాలు చేసుకోవాలి. చేతిలో ఐదు లక్షలుంటే నాలుగు లక్షల నలభై వేలు దాటిన కారును అసలు చూడనే కూడదు, ఎందుకంటే పేరు మార్పిడి, ఇన్సూరెన్స్, టైర్లు, బ్యాటరీ, మొదటి సర్వీసు కలిసి మిగిలిన సొమ్మును సులువుగా మింగేస్తాయి.

తర్వాత మోడల్ సంగతి. నడపడంలోని సరదా ఇంజిన్ శక్తి కంటే ఎక్కువగా తక్కువ బరువు, సూటిగా స్పందించే స్టీరింగ్, బిగువు తగ్గని సస్పెన్షన్ల వల్ల వస్తుంది. 2018లో వచ్చిన స్విఫ్ట్ పెట్రోల్ కారు తొమ్మిది వందల కిలోల లోపే ఉండటం వల్ల దాని 1.2 లీటర్ల ఇంజిన్ ఊరిలోనూ హైవే మీదా చురుగ్గానే లాగుతుంది. విడిభాగాలు చిన్న పట్టణాల్లోనూ దొరుకుతాయి. ఫోర్డ్ ఫిగో 1.5 డీజిల్‌కు పికప్ ఎక్కువే గానీ, ఫోర్డ్ 2021లో ఇక్కడ కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది కాబట్టి మీ ఊరి షెడ్డులో విడిభాగాలు దొరుకుతాయో లేదో అడిగాకే దాని జోలికి వెళ్లాలి. ఫోక్స్‌వ్యాగన్ పోలో వేగంలోనూ రోడ్డును గట్టిగా పట్టుకుంటుంది, అయితే ఈ బడ్జెట్‌లో డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్సున్న పాత పోలో వద్దనే నా సలహా, ఎందుకంటే అది పాడైతే వచ్చే బిల్లు కారు ధరతో పోల్చుకునేంత ఉండవచ్చు. నెలకు వెయ్యి కిలోమీటర్లు కూడా తిరగనివారికి డీజిల్ అవసరమే లేదు.

కారు దగ్గరికి వెళ్లేముందే నంబరు తీసుకుని ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో రిజిస్ట్రేషన్ తేదీ, ఎన్నో ఓనరు, ఇన్సూరెన్స్ గడువు, బ్యాంకు హైపోథికేషన్ (లోను కింద కారు తాకట్టు) వివరాలు చూడాలి. పెండింగ్ చలాన్లు విడిగా సరిచూసుకోవాలి. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లే చెల్లుతుంది కనుక 2011 నాటి కారు ఎంత చవకైనా రెన్యూవల్ ఖర్చును లెక్కలో వేసుకోవాలి. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ కార్లపై ఉన్న ఆంక్షల వల్ల అక్కడి బండ్లు తక్కువ ధరకు మన వైపు వస్తుంటాయి, కానీ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ కలిపి చూస్తే ఆ చవక చాలావరకు ఆవిరైపోతుంది.

కారును పగటి వెలుతురులో, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చూడాలి. ఉదయం మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయవద్దని ముందే చెప్పి, వెళ్లగానే బోనెట్ మీద చేయి పెట్టి చూడండి. అది వేడిగా ఉంటే ఏదో దాస్తున్నారేమోనని అనుమానించవచ్చు. స్టార్ట్ అయ్యాక నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ తాగుతోందని అర్థం. బోనెట్ బోల్టుల మీద స్పానర్ గీతలు, తలుపు అంచుల్లో పెయింట్ తేడా కనిపిస్తే టింకరింగ్ జరిగినట్టే. మీటర్ వెనక్కి తిప్పారేమో తెలుసుకోవడానికి పెడళ్ల రబ్బరు, డ్రైవరు సీటు అంచు, స్టీరింగ్ నునుపు చూడాలి: ముప్పై వేల కిలోమీటర్లు తిరిగిన కారులో క్లచ్ పెడల్ రబ్బరు అరిగి గీతలు చెరిగిపోవు. టైరు పక్కన 3221 అని ఉంటే అది 2021లో 32వ వారంలో తయారైందని తెలుస్తుంది.

2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో విజయవాడ మునిగినప్పుడు వేల కార్లు నీళ్లలో నిలిచిపోయాయి కాబట్టి ఇక్కడి మార్కెట్‌లో వరద పరీక్ష తప్పనిసరి. సీటు బెల్టును చివరిదాకా లాగితే లోపలి భాగంలో బురద గీత కనిపించవచ్చు. సీటు పట్టాల తుప్పు, స్టెప్నీ గుంటలో మట్టి, అత్తరు చల్లినా పోని ముక్కిపోయిన వాసన ఉంటే, బేరం ఎంత ఊరించినా ఆ కారు వదిలేయండి.

టెస్ట్ డ్రైవ్‌కు ఏసీ వేసుకుని కనీసం అరగంట తిప్పాలి. నాలుగో గేరులో నలభై వేగంతో వెళ్తూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు ఇంజిన్ చప్పుడు పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు అయిపోయినట్టు. స్పీడ్ బ్రేకర్ మీద కటకటలు, మలుపులో అతిగా ఒరగడం, ఖాళీ రోడ్డు మీద బ్రేకు వేస్తే ఒక పక్కకు లాగడం కూడా గమనించాలి. సస్పెన్షన్‌లోని రబ్బరు బుష్‌లు, షాక్ అబ్జార్బర్లు అరిగితే ఎంత హుషారైన మోడలైనా మందకొడిగా నడుస్తుంది. ఇవి మార్చదగినవే కాబట్టి వాటి ఖర్చు ధరలో తగ్గించమని అడగవచ్చు. ఇంజిన్, గేర్‌బాక్సు, చాసిస్‌ల విషయంలో మాత్రం రాజీ పడవద్దు.

నచ్చితే అమ్మేవారికి, బ్రోకరుకు సంబంధం లేని మెకానిక్‌తో లిఫ్ట్ మీద, స్కానర్‌తో చూపించి, అధీకృత సర్వీసు సెంటరులో సర్వీసు రికార్డు అడగాలి. అవి చూశాకే టోకెన్ అడ్వాన్సు ఇవ్వాలి. పేరు మార్పిడికి కావాల్సిన ఫారం 29, 30పై సంతకాలు, లోను ఉంటే తాకట్టు తొలగింపుకు ఫారం 35తో బ్యాంకు ఎన్‌ఓసీ తీసుకోవాలి. కొన్న 30 రోజుల్లో పేరు మార్పిడికి, 14 రోజుల్లో ఇన్సూరెన్స్ మార్పిడికి దరఖాస్తు చేయాలి; నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పాత ఓనరుకే చెందుతుంది కనుక ప్రీమియంలో ఆ తేడా కట్టాల్సి రావచ్చు. ధరలో కొంత మొత్తాన్ని ఆర్సీ మీ పేరు మీదికి వచ్చాకే ఇస్తామని ముందే రాసుకోవడం మంచిది.