కప్పు పెరుగు కొనే బదులు ఇంట్లోనే తోడేసుకోండి

అర లీటరు పాలకి దాదాపు అర కిలో పెరుగు వస్తుంది, పైన అయ్యే ఖర్చు కాసేపు గ్యాసు మాత్రమే, అలాంటప్పుడు రోజూ కప్పులు కొనడం ఎందుకు?

పాలు పొంగాక సన్నని సెగ మీద ఇంకో ఐదారు నిమిషాలు మరగనివ్వండి, పెరుగు గట్టిగా రావడానికి ఇది ముఖ్యం. తర్వాత చల్లారనివ్వాలి. ఇక్కడే చాలామంది తొందరపడతారు. చిటికెన వేలు ముంచితే వెచ్చగా ఉండాలి కానీ చురుక్కుమనకూడదు, అంటే 40 నుంచి 45 డిగ్రీలు; అంతకంటే బాగా వేడిగా ఉంటే తోడులోని బ్యాక్టీరియా చచ్చిపోయి, తెల్లారి చూస్తే పాలు పాలలాగే ఉంటాయి.

తోడు ఒక చెంచా చాలు, ఎక్కువేస్తే త్వరగా పులుస్తుంది. ఇంట్లో తోడు లేదా? ఎండుమిర్చి తొడిమలు నాలుగైదు వేసి చూడండి, మొదటిసారి పలచగానే వస్తుంది, దాన్నే తోడుగా వాడితే రెండోసారికి గడ్డకడుతుంది.

ఎండాకాలం నాలుగైదు గంటలు చాలు. చలికాలమైతే గిన్నెకి తువ్వాలు చుట్టి బియ్యం డబ్బాలో పెట్టండి, మధ్యలో మూత తీసి కదపకండి. తోడుకోగానే ఫ్రిజ్‌లో పెట్టేయండి, ముందు రేపటి తోడుకి ఓ చెంచా పక్కన తీసి.